బాకీల హర్రాసు

26 మార్చి 2025, బుధవారం

భూమేషన్నకు,

మన రెండిండ్లకు నడుమ ఉన్నది ఒక్క గోడ. నువ్వు దగ్గితే నాకు ఇనిపిస్తది. అయినా ఉత్తరం రాస్తున్న.

నిన్న పొద్దుగాల కమిటీ హాల్ మైకుల అధ్యక్షుడు ఆత్మారాం ఏం చెప్పిండో, నువ్వు ఆయన పక్క కుర్చీల కూసొని ఇన్నవు. "గ్రూపు లోన్ కిస్తులు ఆపిన రోజా ఇంటితోని, పెంటవ్వ ఇంటితోని ఊర్ల ఎవ్వలు మాట్లాడొద్దు. కిరాణం ఇయ్యొద్దు. కూలికి పిలువొద్దు, వాళ్ళకు కూలికి పోవద్దు. వాళ్ళ పొలంల కోత మిషన్ దిగొద్దు. మాట్లాడినోళ్ళకు ఐదువేలు జరిమానా." ఫోన్ల మాట్లాడినా మాట్లాడినట్టే అన్నడు. కాయిదం మీద రాస్తే ఎంతనో చెప్పలే. ఈ కాలంల ఉత్తరం రాసేటోళ్ళు ఉంటరని ఆయనకు యాదికి రాకపోవచ్చు. అందుకే రాసి గోడ మీద ఇటుక కింద పెడుతున్న. జవాబు గూడ అక్కడనే పెట్టు.

గ్రామాభివృద్ధి కమిటీ అని బోర్డు పెట్టుకున్నరు. గెట్టు పంచాయితీ మీరే చేస్తరు, మొగుడూ పెండ్లాల పంచాయితీ మీరే చేస్తరు. కోడికూర దుకాణం ఎవ్వలు పెట్టాలెనో మీరే చెప్తరు. సరే. బయటి కంపెనీ ఇచ్చిన అప్పు ఎప్పటి సంది మీ పంచాయితీ అయింది?

నేను చేసిన తప్పేందో నేనే చెప్త. ఎక్కువ తక్కువ ఉంటే దిద్దు. పోయిన యేడు బోరు మోటర్ కోసం గ్రూపుల లోన్ తీసుకున్న. తొమ్మిది నెలలు ఒక్క కిస్తు ఆగలే. జనవరిల మా ఇంటాయన చెరుకు లారీకి లోడ్ ఎత్తుతుంటే పైకెల్లి జారి పడ్డడు. కాల్ల రాడ్ ఏసిండ్రు. అప్పటి సంది కట్టలే. కట్టకున్నా ప్రతి మీటింగుకు పోయి కూసున్న. కిస్తు తీసుకునే పిల్లగాడు అరుణ్ "మీ ఇంటికొచ్చి కూసుంట, ఇచ్చేదాంక లెవ్వ" అన్నడు. నేను లోన్ కార్డు తిప్పి చూపెట్టిన. ఎనుక తెలుగులనే అచ్చేసి ఉన్నది, రిజర్వ్ బ్యాంకు రూలు. వసూలు అనుకున్న జాగలనే చెయ్యాలె. వరుసగ రెండుసార్లు మనిషి ఆ జాగకు రాకుంటేనే ఇంటికి రావాలె. నేను రాని మీటింగు లేదు. వాడు రాలే. వాని బదులు మీ మైకు వచ్చింది.

రెండెకరాల వరి పది దినాలల్ల కోతకొస్తది. వడ్లు అమ్మి ఆగినయన్ని ఒక్కసారే కడత అని అరుణ్‌కు చెప్పిన, మేనేజర్‌కు చెప్పిన. మిషన్ దిగనియ్యకుంటే వడ్లు ఏడికెల్లి వస్తయి? వడ్లు రాకుంటే కిస్తు ఏడికెల్లి కట్టాలె? అంతమంది పెద్దమనుషులు కూసున్నరు. ఒక్కలన్న ఈ మాట అడిగిండ్రా?

మీ బర్రె ఈనిందంట. ప్రతిసారి జున్ను గిన్నె వస్తుండె. ఈసారి వాసనొక్కటే గోడ దాటి వచ్చింది.

ఇట్లు,
నీతోని మాట్లాడని చెల్లె
రోజా


28 మార్చి 2025

చెల్లె రోజాకు,

ఉత్తరం అందింది. ఇటుక కింద పెట్టకు, కోళ్ళు ఎగిరి గీకుతున్నయి. గోడల పాత కిటికీ పూడ్చిన సందు ఉన్నది గదా, అండ్ల పెట్టు.

కుర్చీల కూసున్న, నిజం. కూసున్నోళ్ళందరు ఒప్పుకున్నోళ్ళు కాదు. నీకు తెలియంది ఒకటి చెప్త. పోయిన వారం ఆ కంపెనీ మేనేజర్ కమిటీ హాలుకు వచ్చిండు. నీ పేరు, పెంటవ్వ పేరు చదివిండు. "మీ ఊర్ల కిస్తులు ఆగుతున్నయి. ఇట్లనే ఉంటే మీ పిన్‌కోడ్ మొత్తం బంద్ పెడుతరు. ట్రాక్టర్‌కు లోన్ రాదు, బండికి రాదు, ఎవ్వలకు రాదు. రూల్స్ టైట్ అయినయి, మా స్టాఫ్ ఇండ్ల మీదికి పోవద్దు. పెద్దమనుషులు మీరే చెప్పాలె" అన్నడు. ఊరి ముందట కమాన్ కడుతున్నం గదా, దానికి యాభైవేలు చందా రాసిండు. ఆత్మారాం మా దిక్కు తిరిగి, "ఇద్దరి కోసం ఊరంత మునుగుదమా?" అని అడిగిండు. నేను ట్రాక్టర్ లోన్‌కు కాయిదాలు పెట్టుకున్న సంగతి అందరికి ఎరుకే. నోరు రాలే.

నువ్వు గూడ తక్కువదానివి కాదు. పదిమంది ఆడోళ్ళ నడుమ ఆ పిల్లగానికి కార్డు చదివి ఇనిపించినవ్. వాడు బి.కామ్ చదివి బైకు మీద తిరిగి బతుకుతున్నడు. ఒక తొవ్వ బంద్ పెడితే ఇంకో తొవ్వ దేవులాడుకుంటడు. నీకు రూల్ తెలుసు సరే, వానికి టార్గెట్ ఉంటదని తెల్వదా?

నా మాటిను. ఒక్క కిస్తు ఏడనన్న తెచ్చి కట్టు. కమిటీ ముందట తప్పయిందను. మాట పోతే పోనీ, పంట దక్కుతది. ఆదివారం ఉగాది, హర్రాసు ఉన్నది, ఊరి వేలం పాటలు పాడుతరు. అది అయినంక నేనే మాట్లాడుత.

జున్ను గిన్నె సందు కాడ పెట్టిన. గిన్నె పెడితే మాట్లాడినట్టు కాదు. మీ వదినె లత మిరియాలు దంచి ఏసింది, నీకిష్టమని.

నీ అన్న
భూమేష్


31 మార్చి 2025

కమిటీ మెంబర్ భూమేష్ గారికి,

నిన్న పండుగ పూట ఇంట్ల కూసొని మీ హర్రాసు మొత్తం మైకుల ఇన్నం. చింతచెట్లు పాడిండ్రు. సంతల అమ్మేటోళ్ళ కాడ పైసలు వసూలు చేసే తైబజారు పాడిండ్రు. కోడికూర దుకాణం పాడిండ్రు. తర్వాత ఆత్మారాం గొంతు సవరించుకొని, "గ్రూపు లోన్ బకాయిలు వసూలు చేసే హక్కు. పాట పైసలు కమిటీకి, బాకీ మీద పైన వచ్చేది పాడినోనికి" అన్నడు. ముందుగాల ఎవ్వలు మాట్లాడలే. నాకు సంతోషమయింది, ఊర్ల జర సిగ్గు మిగిలిందని. అంతల బాపురావు గొంతు లేసింది. తర్వాత ఇంకో గొంతు. అది నీదని గుర్తు పట్టేందుకు నాకు జరసేపు పట్టింది. బాపురావు పెంచిండు, నువ్వు పెంచినవ్. మల్ల ఆయన, మల్ల నువ్వు. ఆఖరుకు నీ పేరు మీద కొట్టేసిండ్రు. చప్పట్లు గూడ ఇనిపించినయి.

మా ఇంటాయన మంచంల పండుకొని ఇన్నడు. "మీ అన్న ప్రతి యేడు చింతచెట్లు పాడుతుండె, ఈ యేడు మనలను పాడిండు" అన్నడు. నవ్విండు. కాలు విరిగినంక ఆయన నవ్వంగ చూసింది అదే మొదలు.

నాకు కొన్ని సంగతులు తెలియాలె. బాకీ కంపెనీది. వసూలు హక్కు కమిటీకి ఎవ్వలిచ్చిండ్రు? లేని హక్కును ఎట్ల అమ్మిండ్రు? నువ్వు ఎట్ల కొన్నవ్? చింతచెట్టు పాడినోడు ఎక్కి చింతపండు దులుపుకుంటడు. మమ్ముల పాడినోడు ఏం దులుపుకుంటడు?

పైసలు పెట్టి పాడినవ్ గదా. పెట్టింది ఎల్లాలె, దాని మీద లాభం రావాలె. అరుణ్ వస్తే రూల్ చదివి ఇనిపించిన. నువ్వొస్తే ఏం చదవాలె? తోడబుట్టినోడు చెల్లె ఇంటి మీదికి ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాంక రావచ్చో ఆ కార్డు మీద లేదు.

గిన్నె కడిగి సందుల పెట్టిన. జున్ను కోళ్ళకేసిన.

నీ పాటల పోయిన
రోజా


2 ఏప్రిల్ 2025

రోజా,

గారు గీరు అని రాయకు. మీ వదినె చదివి కండ్లనీళ్ళు పెట్టుకున్నది. జున్ను కోళ్ళకేసినవట. కోళ్ళు నీకంటె నయం, మర్యాదగ తిన్నయి.

ఎందుకు పాడిననో ఒక్కసారన్న సోంచాయించినవా? నేను నోరు తెరువకుంటే బాపురావు పేరు మీద కొట్టేద్దురు. పోయిన యేడు ఆయన తైబజారు పాడుకొని ఏం చేసిండో నువ్వు చూసినవ్. పది రూపాయలు ఇయ్యలేదని కూరగాయలమ్మే ముసలామె తక్కెడ గుంజుకపోయిండు. అసొంటోడు మీ వాకిట్ల నిలబడితే, బావ మంచం దిగలేడు, నీ బిడ్డ వర్ష ఇంట్ల ఉంటది. అందుకే పాడిన. పసుపు అమ్మిన పైసలు మొత్తం అండ్ల పెట్టిన. ట్రాక్టర్‌కు ముందుగాల కట్టేందుకు దాచిన పైసలవి. లాభం అంటున్నవ్. నీ దగ్గర ఒక్క రూపాయి ఎక్కువ తీసుకుంటే నా చెయ్యి ఇరిగిపోనీ.

పాట నాదయింది, ఇగ నీ ఇంటి మీదికి ఎవ్వడు రాడు. నువ్వు కోసుకో, అమ్ముకో, నిమ్మళంగ కట్టు. కోత మిషన్ డ్రైవర్‌తోని మాట్లాడిన. శుక్రవారం పొద్దుగాల మీ పొలంల దిగుతడు. ఎవ్వలతోని లొల్లి పెట్టుకోకు. కార్డు తియ్యకు.

నీ అన్న
భూమేష్


8 ఏప్రిల్ 2025
నిజామాబాద్

అన్నకు,

ఈ ఉత్తరం పోస్టుల వస్తది. హన్మవ్వ చిన్నమ్మ ఇంట్ల ఉన్న. ఆయనను, వర్షను గూడ తోలుకొచ్చిన.

శుక్రవారం మిషన్ వచ్చింది. మా ఒడ్డు దాంక వచ్చింది. అక్కడ ఆత్మారాం బైకు ఆపుకొని నిలబడ్డడు. డ్రైవర్‌తోని రెండు మాటలు మాట్లాడిండు. మిషన్ అక్కడనే తిరిగి మీ పొలం దిక్కు పోయింది. ఒక్క దినంల నీ నాలుగెకరాలు కోసిండ్రు. నేను ఒడ్డు మీద కూసొని చూసిన. నువ్వు నా దిక్కు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నవ్. నన్ను నమ్మించి పొలం కాడికి పిలిపించి, నీ పొలం కోపిచ్చుకున్నవ్. నాకు గట్లనే అర్థమయింది.

చిన్నమ్మ ఇంట్ల చాట ముందటేసుకొని బీడీలు చేస్తున్న. పదేండ్లకు చేతికి మల్ల వచ్చింది. చిన్నమ్మ "రోజా, కోపంతోని చుడితే బీడీ గట్టిగ వస్తది, కార్ఖానల వాపస్ కొడుతరు, జర మెత్తగ చుట్టు" అంటున్నది.

సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణికి పోయి అర్జీ ఇచ్చిన. ఆడికెల్లి కంపెనీ ఆఫీసుకు పోయిన. గోడ మీద రూల్స్ ఫ్రేం కట్టి పెట్టిండ్రు, తెలుగులనే. మేనేజర్ కుర్చీ ఏసిండు, నీళ్ళిచ్చిండు. "అమ్మా, మా స్టాఫ్ మీ ఇంటికి వచ్చిండా?" అని అడిగిండు. రాలే అన్న. "పొద్దుగాల తొమ్మిదింటి లోపల, సాయంత్రం ఆరింటి తర్వాత ఫోన్ చేసిండా? తిట్టిండా?" లేదు అన్న. "మరి మా తప్పేమున్నది? మీ ఊరోళ్ళు మీరు ఏం చేసుకుంటే మాకేం సంబంధం? హర్రాసు అంటే ఏందో గూడ నాకు తెల్వదు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. ఆ మనిషే మీ హాల్ల నా పేరు చదివిండని నువ్వు రాసినవ్ గదా.

తర్వాత కోర్టు కాడ పైసలు తీసుకోకుండ సలహా చెప్పే వకీలమ్మను కలిసిన. ఆమె మొత్తం ఇన్నది. అప్పు తీసుకున్నోళ్ళ పేర్లు నలుగుట్ల చెప్పుడు, చుట్టాలను ఇరుగుపొరుగును సతాయించుడు రూల్ ప్రకారమే తప్పట. వసూలుకు ఎవ్వలను పెట్టినా, వాళ్ళు చేసిన దానికి జవాబు కంపెనీదేనట. గాని కంపెనీ "మేం పెట్టలే" అంటది. పెట్టిండ్రని ఎవ్వలన్న చెప్పాలె. మేనేజర్ వచ్చినప్పుడు హాల్ల ఉన్న మనిషి చెప్పాలె. అది ఒకటి. రెండోది, ఆమె పెన్ను పట్టుకొని, "వసూలు చేస్తున్నది ఎవ్వలు? పాట పాడినాయన పేరు చెప్పు. కంప్లయింటుల మొదటి పేరు ఆయనదే ఉంటది" అన్నది.

నేను చెప్పలే. ఇంటికి పోయి చెప్త అన్న. ఆమె నన్ను ఎగాదిగా చూసి "చుట్టమా?" అన్నది.

శుక్రవారం దాంక ఆగుత. వచ్చి చూసింది చూసినట్టు చెప్పు. నువ్వు చెప్తే నువ్వు సాక్షివి. చెప్పకుంటే నువ్వు వసూలు చేసేటోనివి. నడుమ ఇంకో కుర్చీ లేదు. మొగులు పడుతున్నది, వరి నిలబడే ఉన్నది.

రోజా


10 ఏప్రిల్ 2025

రోజాకు,

నీ ఉత్తరం పోస్టుమేన్ కమిటీ హాల్ ముందటనే నా చేతుల పెట్టిండు. ఎవ్వల కాడికెల్లి అని నలుగురు అడిగిండ్రు. ట్రాక్టర్ కంపెనీ నుంచి అని అబద్ధం చెప్పిన.

మిషన్‌ను నేను తిప్పలే. చిన్నప్పటి సంది నన్ను చూస్తున్నవ్, గింత మాట ఎట్ల రాస్తవ్? ఆత్మారాం ఆపిండు. పొద్దుమీకి హాలుకు పోయి అడిగిన. "పాట పాడినోనికి వసూలు చేసే హక్కే. బంద్ ఎత్తేసే హక్కు కమిటీది. మొదటి వసూలు జమ చెయ్యి, అప్పుడు చూద్దం" అన్నడు. నాకు గీ షరతు ముందుగాల తెల్వదు. నా పొలం కోసిన మాట నిజం. మిషన్ వాపస్ పోతే మల్ల పది దినాలు దొరకదు. ఏం చెయ్యమంటవ్?

పెంటవ్వ ఇచ్చింది. నేను అడిగిన తెల్లారే తెచ్చి చేతుల పెట్టింది. ఆమెకు బంద్ ఎత్తేసిండ్రు. ముసలామెకు అయిన పని నీకెందుకు కాదు? నీది మొండితనం తప్ప ఇంకోటి కాదు.

ఇగ ఆఖరు మాట. నన్ను జైల్ల ఏపిస్తవా? నీ కోసం పసుపు పైసలు పెట్టిన మనిషి పేరు మొదలు రాపిస్తవా? నేను కమిటీ మీద చెప్తే ఆ దినమే మైకు నా ఇంటి మీద మోగుతది. నా బర్రె పాలెవ్వలు కొంటరు, రేపటి నాట్లకు కూలోళ్ళు ఎవ్వలు వస్తరు? నీకైతే చిన్నమ్మ ఇల్లున్నది. నాకు ఈ ఊరు తప్ప ఇంకో జాగ లేదు.

నేను రాను. నువ్వు వాపస్ రా. నీ మొదటి కిస్తు నేనే నా జేబులకెల్లి జమ చేస్త, నువ్వు ఇచ్చినవని రాసుకుంట. ఎవ్వలకు తెల్వదు. బంద్ పోతది, పంట దక్కుతది. నీ మాట గూడ పోదు.

భూమేష్


11 ఏప్రిల్ 2025
నిజామాబాద్

అన్నా,

శుక్రవారం అయింది. పొద్దంత కోర్టు గేటు కాడ నిలబడ్డ. నువ్వు రాలే, ఉత్తరం గూడ రాలే. నీ జవాబు గదే అనుకున్న.

కంప్లయింట్ ఇచ్చిన. పోలీసోళ్ళకు ఒకటి, కంపెనీకి ఒకటి. ముప్పై దినాలల్ల కంపెనీ జవాబు సక్కగ లేకుంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చట, ఆ కాయిదం గూడ తయారు చేసి పెట్టింది వకీలమ్మ.

మొదటి పేరు నీది. తండ్రి పేరు రాజారాం అని రాసేటప్పుడు వకీలమ్మ తలెత్తి నా తండ్రి పేరు అడిగింది. చెప్పిన. ఆమె తల దించి రాసుకున్నది.

ఇంకోటి. పెంటవ్వ బిడ్డ ఇక్కడ మా గల్లీలనే ఉంటది, బీడీలు చేస్తది. ఆమె చెప్తే తెలిసింది. నీకియ్యటానికి పెంటవ్వ రెండు మేకలు అమ్మిందట. కొన్నది ఎవ్వలో తెలుసా? బాపురావు. సగం ధరకు. పాటల ఓడిపోయినోనికి గూడ లాభమే వచ్చింది. నువ్వు బాపురావును ఆపిన అనుకుంటున్నవ్. ఆయన చెయ్యాల్సిన పని నువ్వు చేసినవ్, ఆయనకు పెట్టుబడి గూడ మిగిలింది.

రోజా


15 ఏప్రిల్ 2025

చెల్లె రోజాకు,

నీ 11 తారీఖు ఉత్తరం ఇయ్యాల్ల వచ్చింది. నాది నీకు అందిందో లేదో. అండ్ల రాసిన కొన్ని మాటలు రాయకుంటే మంచిగుండు. అంది ఉంటే చింపెయ్యమని చెప్ప. నువ్వు చింపవ్.

ఆదివారం పొద్దుమీకి రాళ్ళ వాన పడ్డది. నిజామాబాద్‌ల ఎట్లనో తెల్వదు. ఇక్కడ పావుగంట. సోమవారం పొద్దుగాల మీ పొలంకు పోయిన. ఎవ్వలన్న చూస్తరేమో అని ముందు ఒడ్డు మీదనే నిలబడ్డ. తర్వాత దిగిన. వరి నేలకొరిగింది. కంకి పట్టుకుంటే చేతికి ఊచనే వస్తున్నది. గింజ మొత్తం బురదల ఉన్నది. బోరు కాడి మడి జర నయం. అటు దిక్కు సగం పోయింది. మా పొలం గెట్టు అవతలనే, కోసిన మోడు మీద నీళ్ళు నిలిచినయి, అంతే. రెండింటికి నడుమ మిషన్ తిరిగిన టైరు గుర్తు ఇంకా ఉన్నది.

ఇంటికొచ్చే వరకు ఠాణా నుంచి పిలుపు వచ్చింది. కమిటోళ్ళమందరం పోయినం. జీపుల ఆత్మారాం అందరికి చెప్పిండు, "హర్రాసుల కోడికూర దుకాణం పాడినం, చింతచెట్లు పాడినం. బాకీల పాట లేనే లేదు. అందరు గదే మాట." ఒక్కొక్కలను అడిగిండ్రు. అందరు గదే మాట చెప్పిండ్రు. ఎస్సై నన్ను ఆఖరుకు పిలిచిండు. "మొదటి పేరు నీది. ఇచ్చింది నీ చెల్లె. ఏందయ్యా కథ?" అన్నడు.

నేను నోరు తెరిచే లోపలనే ఆత్మారాం అందుకున్నడు. "అన్నాచెల్లెండ్ల ఇంటి గోడ పంచాయితీ సార్. ఆస్తి లొల్లి. కమిటీని నడుమ గుంజుతున్నరు."

మీ పొలంల అంటిన బురద నా కాళ్ళకు అట్లనే ఉన్నది. "గోడ లొల్లి లేదు సార్, నేను పాట పాడిన" అన్న. ఎస్సై "ఏం పాట?" అన్నడు. "మా చెల్లె బాకీ సార్" అన్న. రాసుకుంటున్న కానిస్టేబుల్ పెన్ను ఆపి నా మొగం చూసిండు. మేనేజర్ వచ్చింది, పేర్లు చదివింది, కమాన్‌కు చందా రాసింది, నేను పెంటవ్వ కాడ తీసుకున్నది, మొత్తం చెప్పిన. సంతకం పెట్టిన. వాపస్ వచ్చేటప్పుడు జీపుల నాకు జాగ ఇయ్యలే. బస్సుల వచ్చిన.

పొద్దుమీకి మైకు మోగింది. ఇప్పుడు నా ఇంటితోని గూడ ఎవ్వలు మాట్లాడొద్దు. పొద్దుగాల పాలు తీసుకపోయేటోడు రాలే. మీ వదినె పాలన్ని తోడేసింది. ఇగ పిల్లలకు మూడు పూటల పెరుగే.

నీ పంట నిలుపలేకపోయిన. చెప్పాల్సినప్పుడు చెప్తే నిలుస్తుండెనేమో. ఇంటికి రా చెల్లె. మనతోని మాట్లాడేటోళ్ళు ఊర్ల ఎట్లాగు లేరు. మనమన్న మాట్లాడుకుందం.

నీ అన్న
భూమేష్


25 ఏప్రిల్ 2025

భూమేషన్నకు,

ఇంటికొచ్చి నాలుగొద్దులైంది. నువ్వు రెండుసార్లు వాకిట్ల నిలబడి పిలిచినవ్. ఇంట్లనే ఉన్న. పలుకలే. జవాబు రాసి ఇస్తున్న.

సోమవారం తహసీల్దార్ ముందట మీ అందరిని బైండోవర్ చేసిండ్రని తెలిసింది. మల్ల గిట్ల చేస్తే జమానతు పైసలు పోతయట, కేసు వేరే నడుస్తదట. పొద్దుమీకి ఆత్మారాం అదే మైకుల "అందరితోని అందరు మంచిగ ఉండాలె" అన్నడు. బంద్ ఎత్తేసినం అనలే, పెట్టినం అని గూడ అనలే. తెల్లారి కిరాణం కొట్టాయన "ఏం కావాలె అక్కా?" అన్నడు. నెల రోజులు నన్ను చూసి షట్టర్ సగం దించిన మనిషి. ఉప్పు పాకిట్ తీసుకొని పైసలిచ్చి వచ్చిన. ఆయన అక్కా అన్నందుకు నేనేం అనలే.

కంపెనీ కాడికెల్లి జవాబు వచ్చింది. అరుణ్‌ను బదిలీ చేసిండ్రట. "మా సంస్థ బయటి వ్యక్తులతో వసూలు చేయించదు" అని రాసిండ్రు. మేనేజర్ అదే కుర్చీల ఉన్నడు. బైకు మీద తిరిగే పిల్లగానికి దెబ్బ పడ్డది, పేర్లు చదివినాయనకు ఏం కాలే. నువ్వు ఠాణాల పెట్టిన సంతకం నకలు తీసుకొని వకీలమ్మ ఇంకో కాయిదం రాస్తున్నది. అది అంబుడ్స్‌మన్‌కు పోతది. ఎన్ని నెలలు పడుతదో ఆమెకు గూడ తెల్వదట. పట్టనీ.

మిషన్ దిగింది. మిగిలింది కోసినం. పోయిన యేడు వచ్చినదాంట్ల సగం గూడ రాలే. రంగు మారిన వడ్లు, బయటి షావుకారుకు తక్కువకే అమ్మిన. ఆ పైసలతోని నిజామాబాద్ పోయి కంపెనీ కౌంటర్ల రెండు కిస్తులు కట్టి రసీదు తెచ్చుకున్న. మిగిలినయి బీడీలు చేసి కడత. అప్పు తీసుకున్న, కడత. కట్టను అని నేను ఏనాడు అనలే. ఈ ముక్క ఇనేటోళ్ళు ఊర్ల ఒక్కలు లేకుండె.

నీ 10 తారీఖు ఉత్తరం నేను కంప్లయింట్ ఇచ్చినంక అందింది. చింపలే. "ఎవ్వలకు తెల్వదు, నేనే జమ చేస్త" అని రాసినవ్. నీ మనసు మంచిదే. గాని నువ్వు అట్ల కడితే, మైకుల చెప్పింది నిజమయితుండె. రోజా ఎగ్గొట్టింది, హర్రాసు పెడితే దారికొచ్చింది, అని. వచ్చే యేడు చింతచెట్లతోని పాటు ఇంకో నలుగురి పేర్లు పాడుతుండ్రి.

ఠాణాల నిజం చెప్పినవ్. పాలు పోయే వరకు ఓర్చుకున్నవ్. అది నేను కాదనను. గాని ఠాణాల ఇన్నది ఎస్సై, కానిస్టేబుల్, మీ కమిటోళ్ళు. నా పేరు మైకుల చదివినప్పుడు ఊరంత ఇన్నది. వర్ష పక్క బెంచీ పిల్లలు గూడ ఇన్నరు. వాళ్ళు లేసి వేరే జాగల కూసున్నరు. ఆ పిల్ల ఇంటికొచ్చి నాకు చెప్పలే, వాళ్ళ నాయినకు చెప్పింది.

ముందుగాల పెంటవ్వ పైసలు తీసుకపోయి ఆమె చేతుల పెట్టు. రసీదు అడగకు. మేకలు బాపురావు అమ్మేసిండు, అవి రావు. ఆమె ఏమన్నా అంటే నిలబడి ఇను.

తర్వాత హాలుకు పో. అదే మైకు పట్టుకో. "మేనేజర్ అడిగిండు, కమిటీ హర్రాసు పెట్టింది, నేను పాడిన, రోజా తప్పు చెయ్యలే" అని చెప్పు. ఆత్మారాం మైకు ఇయ్యకుంటే హాల్ ముందట నిలబడి నోటితోని చెప్పు. నీ గొంతు పెద్దదే. హర్రాసుల ఇన్న.

అది అయ్యేదాంక నేను నీతోని మాట్లాడ. వదినెతోని మాట్లాడుత. పిల్లలు వస్తే అన్నం పెడత. నువ్వు ఎదురయితే పక్కకు తిరుగుత. కమిటీ పెట్టిన బంద్ సోమవారంతోని పోయింది. ఇది నేను పెట్టింది. దీనికి జరిమానా లేదు.

రోజా